శ్లాబులు తగ్గితే లెక్కలు తేలికైనట్టేనా?

సంపాదకుల వారికి నమస్కారం.

2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ రేట్లు మారాక ఒక మాట తరచూ అచ్చవుతోంది. 12, 28 శాతం శ్లాబులు దాదాపుగా పోయాయి, ప్రధానంగా 5, 18 మిగిలాయి, ఇక చిన్న వ్యాపారి లెక్కలు సులువేనని. కొనేవారి జేబు సంగతి వేరు. పద్దులు రాసేవారి వైపు నుంచి చూస్తే ఆ మాట సగమే నిజం. రేట్లు ఆరున్నా మూడున్నా, ఒకే బిల్లులో రెండు రేట్ల సరుకు కలిసిందంటే పని ఒక్కటే. సరుకు రేటు కనుక్కోవడం పెద్ద విద్యేమీ కాదు, జాబితా చూస్తే దొరుకుతుంది. చిక్కంతా తనకంటూ రేటు లేని మొత్తాల దగ్గరే: బిల్లు చివర కొట్టేసిన డిస్కౌంటు, ఆటో కిరాయి, పైసల సర్దుబాటు, వాపసు వచ్చిన సరుకు, షాపు అద్దె మీద కట్టిన పన్ను. ఇవన్నీ పక్కవాటి నుంచి రేటు అరువు తెచ్చుకోవాల్సినవే. ఎవరి దగ్గర ఎంత తెచ్చుకోవాలో తెలియక చేసిన తప్పులే పోగుపడి నోటీసుల దాకా వస్తున్నాయి.

స్టేషనరీ వ్యాపారాన్నే తీసుకుందాం, మూడు రకాలూ ఒకే కౌంటర్ మీద ఉంటాయి కాబట్టి. పిల్లల నోటు పుస్తకాలకు, పెన్సిళ్లకు, రబ్బర్లకు ఇప్పుడు పన్ను సున్నా. జామెట్రీ బాక్సుకు 5 శాతం. పెన్నుకు 18. ఇంతవరకూ తేలికే. కానీ నోటు పుస్తకం, ఆఫీసు రిజిస్టరు, డైరీ, రసీదు పుస్తకం అన్నిటికీ హెచ్‌ఎస్‌ఎన్ (సరుకును గుర్తించే కోడ్) మొదటి నాలుగు అంకెలు ఒకటే, 4820. నోటు పుస్తకానికి సున్నా, రిజిస్టరుకు 18. (బడి పిల్లాడి లెక్కల పుస్తకానికి పన్ను లేదు, షాపువాడి లెక్కల పుస్తకానికి ఉంది. ఎవరికి ఏది ఎక్కువ అవసరమో జీఎస్టీ కౌన్సిల్‌కే తెలియాలి.) ఏటా 5 కోట్ల లోపు టర్నోవరు ఉన్నవారు రిజిస్టర్డ్ కొనుగోలుదారుకిచ్చే బిల్లులో నాలుగంకెల హెచ్‌ఎస్‌ఎన్ వేస్తే నిబంధనకు సరిపోతుంది. బిల్లుకు సరిపోతుందని కంప్యూటర్‌లో కూడా నాలుగంకెలకే రేటు ముడిపెడితే మాత్రం, 4820 కింద ఉన్నవన్నీ ఒకే రేటులోకి కొట్టుకుపోతాయి. అందుకే ఐటమ్ మాస్టర్‌లో (కంప్యూటర్‌లోని సరుకుల జాబితాలో) ఎప్పుడూ పూర్తి కోడ్ వేసుకుని, రేటును సరుకుకే కట్టాలి, గ్రూపుకు కాదు.

రేటుకు షరతు ఉన్న సరుకైతే దాన్ని పేరులోనే విడగొట్టాలి. స్నానపు సబ్బు బిళ్ల 5 శాతంలోకి దిగింది, లిక్విడ్ హ్యాండ్‌వాష్ 18లోనే ఉండిపోయింది. కాబట్టి 'సబ్బులు' అని ఒకే ఐటమ్ పెట్టుకుంటే కుదరదు. లేబుల్ వేసిన 25 కిలోల లోపు బియ్యం ప్యాకెట్‌కు 5 శాతం, విడిగా తూచి అమ్మితే లేదు, 25 కిలోలు దాటిన బస్తాకూ లేదు. అక్కడ ఒకే బియ్యం మూడు ఐటమ్‌లు కావాలి. పేర్లు పెరుగుతున్నాయని విసుక్కునేవారు ఉంటారు. ఆ విసుగు ఒక్క రోజుది.

ఇక లెడ్జర్లు. ఏ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అయినా ఐటమ్‌ను బట్టి పన్ను లెక్కగట్టేస్తుంది కాబట్టి పన్నులో కేంద్రం సగమైన సీజీఎస్టీకి ఒక లెడ్జరు, రాష్ట్రం సగమైన ఎస్జీఎస్టీకి ఒక లెడ్జరు చాలని చాలామంది అంటారు. చాలుతాయి, రిటర్ను వేయడానికి. తప్పు పట్టుకోవడానికి చాలవు. అమ్మకాలకు 'పన్ను లేనివి', '5', '18' అని మూడు, పన్నుకు 'సీజీఎస్టీ 2.5', 'ఎస్జీఎస్టీ 2.5', 'సీజీఎస్టీ 9', 'ఎస్జీఎస్టీ 9', పక్క రాష్ట్రాలకు అమ్మేవారైతే 'ఐజీఎస్టీ 5', 'ఐజీఎస్టీ 18' విడివిడిగా పెట్టుకోమని మా సలహా. కొనుగోళ్లకూ ఇదే వరస. అమ్మకాల లెడ్జరులోకి పన్ను తీసేసిన విలువ మాత్రమే వెళ్లాలి. పన్ను మనది కాదు, కట్టే రోజు దాకా చేతిలో ఉండే పరాయి సొమ్ము, కాబట్టి అది అప్పుల వైపు కూర్చోవాలి. నెలాఖరు తనిఖీ గురించి కింద రాశాం. అది చదివితే ఇన్ని లెడ్జర్లు ఎందుకో అర్థమవుతుంది.

ఇప్పుడు ఒక బిల్లు. నోటు పుస్తకాలు 1,000 రూపాయలు, జామెట్రీ బాక్సులు 2,000, పెన్నులు 3,000. అన్నీ పన్ను కలపని ధరలు, మొత్తం 6,000. మొత్తం మీద 600 డిస్కౌంటు ఇచ్చారు, రవాణాకు 300 వేశారు. ఈ 600కూ 300కూ సొంత రేటు లేదు. జీఎస్టీ చట్టం 15వ సెక్షను ప్రకారం బిల్లులో చూపిన డిస్కౌంటు సరుకు విలువలోంచి పోతుంది, సరుకుతో పాటు అమ్మేవారు వసూలు చేసే రవాణా, ప్యాకింగ్ విలువకు కలుస్తాయి. ఏ సరుకు విలువకు ఎంత అంటే, విలువల నిష్పత్తిలో పంచడమే అందరూ పాటించే, అడిగితే సమర్థించుకోగలిగే పద్ధతి. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు:

నోటు పుస్తకాలు: 1,000 − 100 + 50 = 950, పన్ను లేదు.
జామెట్రీ బాక్సులు: 2,000 − 200 + 100 = 1,900, పన్ను 95 (సీజీఎస్టీ 47.50, ఎస్జీఎస్టీ 47.50).
పెన్నులు: 3,000 − 300 + 150 = 2,850, పన్ను 513 (256.50, 256.50).
బిల్లు మొత్తం: 5,700 + 608 = 6,308.

అలవాటుగా జరిగేదేమిటంటే, గుమాస్తా 600నీ చివరి లైనులో, అంటే పెన్నుల మీద కొట్టేస్తాడు. అప్పుడు 18 శాతం విలువలోంచి 600 పోయి పన్ను 108 తగ్గుతుంది. తగ్గాల్సింది పెన్నుల వాటాకు 54, జామెట్రీ బాక్సుల వాటాకు 10, కలిపి 64. ఒక్క బిల్లులో 44 రూపాయలు తక్కువ కట్టినట్టు. ఇంకో అలవాటు డిస్కౌంటును పన్ను వేశాక కొట్టడం. అలా చేస్తే కొనేవారి దగ్గర పూర్తి ధర మీద పన్ను వసూలైనట్టే లెక్క, పూర్తి పన్నే కట్టాలి. రవాణాను 'ఇతర ఖర్చులు' లెడ్జరులో పన్ను లేకుండా పడేస్తే 32 రూపాయలు తగ్గుతుంది. భయపడి 300కీ 18 శాతం వేస్తే 54 అవుతుంది, కొనేవారికి 22 రూపాయల నష్టం. మీ సాఫ్ట్‌వేర్‌లో రవాణా లెడ్జరుకు 'విలువను బట్టి పంచు' అన్న సెట్టింగ్ ఉందేమో చూడండి. ఉంటే ఒకసారి పెట్టేసి, పైన చెప్పిన బిల్లునే నమూనాగా కొట్టి 6,308 వస్తోందో లేదో చూసుకోండి.

ఇలా పన్ను ఉన్నవీ లేనివీ కలిసిన బిల్లుకు రెండు కాగితాలు అక్కర్లేదు. కొనేవారు రిజిస్ట్రేషను లేనివారైతే 46ఏ నిబంధన కింద 'ఇన్వాయిస్ కమ్ బిల్ ఆఫ్ సప్లై' అని ఒక్కటే ఇవ్వొచ్చు.

చిల్లర కౌంటర్‌లో మరో రకం తిప్పలు. అక్కడ ధర పన్నుతో కలిపే ఉంటుంది. 118 రూపాయల పెన్నులో పన్ను ఎంత అంటే 118కి 18 శాతం కట్టి 21.24 అనేవారు ఇప్పటికీ ఉన్నారు. పన్ను 18 రూపాయలే. మొత్తాన్ని రేటుతో హెచ్చించి, నూటికి రేటు కలిపిన అంకెతో భాగించాలి: 118 × 18 ÷ 118. అయిదు శాతం సరుకైతే 105తో భాగించాలి. కలిపిన ధరల్లో రేటు తప్పితే దెబ్బ నేరుగా వ్యాపారికే తగులుతుంది. అదే పెన్ను మాస్టర్‌లో పొరపాటున 5 శాతంలో ఉందనుకోండి, పుస్తకాల్లో పన్ను 5.62 అని పడుతుంది. కట్టాల్సింది 18. ఆ 12.38 ఇప్పుడు వెళ్లి కొనేవారిని అడగలేం, లాభంలోంచి పోవాల్సిందే, పైన ఏడాదికి 18 శాతం వడ్డీ. తప్పు అటువైపు జరిగి ఎక్కువ వసూలైతే అది వ్యాపారికి మిగులు కాదు. పన్ను పేరుతో వసూలు చేసిన ప్రతి రూపాయీ ప్రభుత్వానికి జమ చేయాలని 76వ సెక్షను.

పైసల సంగతి చిన్నదే అయినా రోజూ వేధించేది ఇదే. పది రూపాయల పెన్ను, 18 శాతం కలిపి. అసలు విలువ 8.47. సీజీఎస్టీ 0.76, ఎస్జీఎస్టీ 0.76. కూడితే 9.99. ఒక పైసా ఏమైంది? ఎక్కడికీ పోలేదు, మూడు చోట్ల రెండు దశాంశాలకు కుదించడంలో రాలిపోయింది. ఇలాంటి వంద బిల్లులు వేరువేరుగా కొడితే 999 అవుతుంది, గల్లాలో మాత్రం వెయ్యి ఉంటుంది. అవే వంద పెన్నులు ఒకే బిల్లులో అమ్మితే 847.46, 76.27, 76.27, సరిగ్గా 1,000. కాబట్టి పన్నును లైను లైనుకూ కుదించకుండా, ఒక్కో రేటు కింద విలువలన్నీ కూడాక చివర ఒక్కసారే కుదించేలా పెట్టుకోవాలి. అప్పటికీ మిగిలిన పైసలను 'రౌండ్ ఆఫ్' అనే ప్రత్యేక లెడ్జరులోకి పంపాలి, పన్ను లెడ్జరులో కలపకూడదు. ఆ లెడ్జరు నిల్వ నెలకు కొన్ని రూపాయల్లో ఉంటే మామూలే. వందల్లోకి పోయిందంటే దాని మాటున ఇంకేదో తప్పు దాక్కుని ఉంది.

దుస్తుల వ్యాపారులకు ఇంతకన్నా విచిత్రమైన ముడి ఒకటి ఉంది, దాని గురించి ఎక్కడా పెద్దగా రాయడం లేదు. కుట్టిన దుస్తులకు ఒక్కోదాని అమ్మకపు విలువ 2,500 దాకా 5 శాతం, దాటితే 18. అమ్మకపు విలువ అంటే డిస్కౌంటు పోయాక, పన్ను కలపక ముందు ఉన్న ధర. ట్యాగ్ మీద ఉన్న ఎమ్మార్పీ కాదు. 2,500కి 5 శాతం కలిపితే 2,625. అదే 2,500కి 18 శాతం కలిపితే 2,950. ఇప్పుడు పన్నుతో కలిపి 2,800 అని ట్యాగ్ వేసిన చొక్కా సంగతి చూడండి. 5 శాతం అనుకుని వెనక్కి లెక్కిస్తే విలువ 2,666.67, అది 2,500 దాటింది కాబట్టి 5 చెల్లదు. సరే 18 అనుకుంటే విలువ 2,372.88, అది 2,500 లోపే కాబట్టి 18 చెల్లదు. ఏ రేటు వేసినా అది తన కాళ్లను తానే నరుక్కుంటుంది. 2,625 దాటి 2,950 దాకా పన్ను కలిపి పెట్టే ప్రతి ధరకూ ఇదే గతి. కాబట్టి ముందు పన్ను లేని ధర నిర్ణయించి, దాని మీద పన్ను వేసి, ఆ వచ్చిన అంకెనే ట్యాగ్ మీద వేయాలి. అలా చేస్తే ఆ మధ్య అంకెలు అసలు పుట్టవు. బిల్లింగ్ కౌంటర్‌లో అప్పటికప్పుడు డిస్కౌంటు ఇచ్చేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. పన్ను లేని ధర 2,700 ఉన్నది డిస్కౌంటుతో 2,450కి దిగితే రేటు కూడా 18 నుంచి 5కి దిగుతుంది. కంప్యూటర్ ఆ మార్పును డిస్కౌంటు తర్వాత చూస్తోందా, ముందే చూసి 18 బిగించేస్తోందా అన్నది ఒక నమూనా బిల్లుతో తేల్చుకోవాలి.

బడులు తెరిచే రోజుల్లో నోటు పుస్తకాలు, జామెట్రీ బాక్సు, పెన్ను కలిపి ఒకే ధరకు కిట్ అమ్మితే అది మిశ్రమ సరఫరా. 8వ సెక్షను ప్రకారం అందులో ఎక్కువ రేటున్న సరుకు రేటే అన్నిటికీ పడుతుంది, అంటే సున్నా పన్ను పుస్తకాలకు కూడా 18 శాతం. దేని ధర దానికి విడిగా వేసి, విడిగా కూడా కొనుక్కునే వీలుంచి, బిల్లులో మూడు లైన్లుగా చూపితే దేని రేటు దానికే.

రేటు మారిన రోజుల్లో తేదీలే రేటును నిర్ణయిస్తాయి. 14వ సెక్షను చదవడానికి ఆరు ముక్కలుగా భయపెడుతుంది కానీ సారం ఒక్కటే. సరుకు ఇచ్చిన తేదీ, బిల్లు తేదీ, డబ్బు అందిన తేదీ, ఈ మూడింటిలో రెండు ఎటువైపు పడితే ఆ వైపు రేటు. జామెట్రీ బాక్సులు 2025 సెప్టెంబర్ 20న పంపి, బిల్లు 24న రాసి, డబ్బు అక్టోబరులో అందితే రెండు తేదీలు మార్పు తర్వాతవి, కాబట్టి 5 శాతం. డబ్బు 20నే చేతికొచ్చి ఉంటే పాత 12. చెక్కు అయితే, రేటు మారిన రోజు నుంచి నాలుగు పని దినాలు దాటాక బ్యాంకులో జమ అయిందంటే జమ అయిన తేదీనే డబ్బు అందిన తేదీ. ఇది చదివి ఆలస్యంగా బిల్లు రాసి రేటు తగ్గించుకోవచ్చని ఎవరూ అనుకోవద్దు. సరుకు కదిలేసరికే బిల్లు ఉండాలని 31వ సెక్షను వేరే ఉంది.

ఈ మార్పును కంప్యూటర్‌లో ఎక్కించడంలో జరిగిన తప్పు ఒకటుంది. ఐటమ్ మాస్టర్‌లో 12ని చెరిపి 5 అని రాసేశారు. 'ఈ తేదీ నుంచి' అని కొత్త వరుస చేర్చాలి కానీ పాతదాన్ని దిద్దకూడదు. దిద్దితే ఆగస్టు బిల్లును ఏదో పని మీద తెరిచి మళ్లీ సేవ్ చేసిన క్షణంలో అది 5 శాతంతో తిరగరాసుకునే ప్రమాదం ఉంది. ఆ నెల రిటర్ను 12తో వెళ్లిపోయింది, పుస్తకం మాత్రం 5 అంటుంది. ఏడాది చివర వార్షిక రిటర్ను దగ్గర ఈ తేడా బయటపడితే ఏ బిల్లు ఎప్పుడు మారిందో వెతకడం నరకం.

పాత 12, 28 లెడ్జర్లను కూడా అప్పుడే తీసేయవద్దు. 2025 ఆగస్టులో 12 శాతంతో అమ్మిన జామెట్రీ బాక్సు ఆ తర్వాత వాపసు వస్తే క్రెడిట్ నోటులో (బిల్లు విలువ తగ్గిస్తూ అమ్మినవారు ఇచ్చే పత్రంలో) వేయాల్సింది 12 శాతమే. వాపసుకు సొంత రేటు లేదు, అది పుట్టిన బిల్లు రేటే దానిది. 2025-26 బిల్లుల మీద పన్ను తగ్గించుకునే క్రెడిట్ నోట్లు రిటర్నులో చూపడానికి 2026 నవంబర్ 30 గడువు, వార్షిక రిటర్ను అంతకన్నా ముందే వేస్తే ఆ రోజుతోనే సరి. క్రెడిట్ నోటు మీద అసలు బిల్లు నంబరు, తేదీ ఉంటే ఇందులో తప్పే జరగదు. 'వాపసు సరుకు' అని మొత్తంగా ఒక పద్దు రాసి ఊరుకునేవారికే ఇబ్బంది.

కొనుగోళ్ల వైపు నియమం సూటిగానే ఉంది. సరఫరాదారు బిల్లులో ఎంత పన్ను ఉందో అంతే క్రెడిట్ (మనం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకునే మొత్తం), మనం అమ్మే రేటుతో దానికి సంబంధం లేదు. 12తో కొని 5తో అమ్మిన సరుకు మీద మిగిలిన క్రెడిట్ లెడ్జరులోనే ఉంటుంది, వేరే పన్నుకు వాడుకోవచ్చు. కేవలం రేటు తగ్గినందువల్ల మిగిలిందని రిఫండు అడిగితే రాదు. నోటు పుస్తకాల సంగతి మాత్రం వేరు. 12 నుంచి సున్నాకు పోయాయి కాబట్టి, సెప్టెంబర్ 21 రాత్రికి అరల్లో ఉన్న నిల్వ మీద తీసుకున్న క్రెడిట్‌ను 18వ సెక్షను నాలుగో ఉపవిభాగం కింద వెనక్కి కట్టాలి. ఆ రాత్రి నిల్వ లెక్క తీసి పెట్టుకోనివారు కొనుగోలు బిల్లులూ తర్వాతి అమ్మకాలూ ముందేసుకుని ఆ నిల్వను ఇప్పుడు లెక్కగట్టుకోవాల్సి ఉంటుంది.

అన్నిటికన్నా ఎక్కువగా మరిచిపోయేది అద్దె, ఫోను, ఆడిటరు ఫీజు లాంటి ఉమ్మడి ఖర్చుల మీది క్రెడిట్. షాపు అద్దె 20,000, దాని మీద జీఎస్టీ 3,600 అనుకోండి. అదే షాపులో పన్ను ఉన్నవీ అమ్ముతారు, లేనివీ అమ్ముతారు. నెల అమ్మకాల్లో పన్ను లేని వాటా ఆరో వంతు ఉంటే 3,600లో 600 వెనక్కి కట్టాలి, పన్ను లెక్క చూపి కట్టే రిటర్ను జీఎస్టీఆర్-3బీలో 4(బీ)(1) దగ్గర చూపాలి. 42వ నిబంధన ఇది. నెలనెలా వేసింది తాత్కాలికమే, ఏడాది పూర్తయ్యాక మొత్తం టర్నోవరు మీద మళ్లీ లెక్కగట్టి తేడా సర్దాలి. నోటు పుస్తకాలకు రేటు సున్నా అయ్యాక, ఇంతవరకూ ఈ నిబంధనతో పనే పడని స్టేషనరీ షాపులు కూడా దీని కిందికి వచ్చాయి. పన్ను తగ్గిందన్న వార్తల్లో ఇది కనిపించదు.

ఇప్పుడు నెలాఖరు తనిఖీ. కాలిక్యులేటరు చాలు. ప్రతి పన్ను లెడ్జరు మొత్తాన్ని దాని రేటుతో భాగించి వందతో హెచ్చిస్తే అదే రేటు అమ్మకాల లెడ్జరు మొత్తం రావాలి. సీజీఎస్టీ 9 లెడ్జరులో 27,450 ఉంటే అమ్మకాలు 3,05,000 ఉండాలి. పుస్తకంలో 3,09,000 ఉంది. నాలుగు వేలు ఎక్కువ. వెంటనే పక్క లెడ్జరు చూడాలి. సీజీఎస్టీ 2.5లో 3,100 ఉంది, అంటే అమ్మకాలు 1,24,000 ఉండాలి, పుస్తకంలో 1,20,000 ఉంది. అక్కడ నాలుగు వేలు తక్కువ. ఒక చోట ఎక్కువ, ఇంకో చోట అంతే తక్కువ వచ్చిందంటే, 4,000 విలువైన సరుకును 18 అమ్మకాల్లో రాసి పన్ను మాత్రం 5 చొప్పున వేశారన్నమాట. వెతకాల్సింది మొత్తం నెల బిల్లులు కాదు, 4,000 ఉన్న లైను ఒక్కటే. ఏదైనా ఒక్క రేటులోనే తేడా వచ్చి, పక్క రేటు సరిపోయిందంటే డిస్కౌంటునో రవాణానో పన్ను లెక్కలోకి తీసుకుని అమ్మకాల లెడ్జరులో వేయలేదేమో, లేదా అమ్మకాల్లో వేసి పన్ను లెక్కలోకి తీసుకోలేదేమో చూడాలి. సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ రెండూ సమానంగా లేకపోతే ఎవరో చేత్తో పన్ను దిద్దారు. ఒకే సీజీఎస్టీ లెడ్జరు పెట్టుకున్నవారికి ఇందులో ఏ ఒక్కటీ కనిపించదు, 30,550 అన్న ఒక్క అంకె తప్ప.

ఈ పని అమ్మకాల వివరాలిచ్చే రిటర్ను జీఎస్టీఆర్-1 వేయకముందే అయిపోవాలి. ఒకప్పుడు జీఎస్టీఆర్-1లో తప్పు పోయినా 3బీలో చేత్తో సరిదిద్దేవారు. 2025 జూలై నెల రిటర్నుల నుంచి 3బీలోకి జీఎస్టీఆర్-1 నుంచి దిగిన పన్ను అంకెలు బిగిసిపోయి ఉంటున్నాయి. దిద్దాలంటే 3బీ వేయకముందు జీఎస్టీఆర్-1ఏ లోనే. పైగా 3బీలో పన్ను ఉన్న అమ్మకాలన్నీ ఒకే గడిలో కలిసిపోతాయి, ఏ రేటులో ఎంతో తెలియదు. రేట్లు విడిగా కనిపించేది జీఎస్టీఆర్-1లోనే. చిల్లర అమ్మకాలు ఏడో పట్టికలో రేటు వారీగా, పన్ను లేనివి ఎనిమిదో పట్టికలో, హెచ్‌ఎస్‌ఎన్ వారీగా పన్నెండో పట్టికలో వెళతాయి. 2025 మే నెల రిటర్నుల నుంచి ఆ పన్నెండో పట్టిక రిజిస్టర్డ్ కొనుగోలుదారులకు ఒకటి, మిగతావారికి ఒకటిగా విడిపోయింది. ఆ పట్టికల మొత్తాలు పుస్తకాల్లోని రేటు వారీ లెడ్జర్లతో సరిపోయాయో లేదో చూశాకే బటన్ నొక్కాలి.

కాంపోజిషన్ పథకంలో ఉన్న వర్తకులకు ఈ తలనొప్పి చాలావరకు లేదు. వారు పన్ను పడే సరుకు టర్నోవరు మీద 1 శాతం కడతారు, బిల్లులో పన్ను వేయకూడదు, క్రెడిట్ తీసుకోకూడదు.

చివరిగా పత్రికకు ఒక విన్నపం. రేట్లు మారినప్పుడు మీరు వేసే 'ధరలు తగ్గేవి ఇవే' పట్టికను కత్తిరించి బిల్లింగ్ కంప్యూటర్ పక్కన అంటించుకునేవారు చాలామంది ఉంటారు. ఆ పట్టికలో సరుకు పేరు, పాత రేటు, కొత్త రేటుతో ఆగకుండా హెచ్‌ఎస్‌ఎన్ అంకెలకూ షరతుకూ రెండు గడులు చేర్చండి. 'సబ్బులు 5 శాతం' అని అచ్చయిన మర్నాడు లిక్విడ్ హ్యాండ్‌వాష్ కూడా 5లోకి వెళ్లిపోతుంది. 'నోటు పుస్తకాలకు పన్ను లేదు' అని అచ్చయితే రిజిస్టర్లూ డైరీలూ సున్నాలోకి వెళ్లిపోతాయి. 'దుస్తులు 2,500 వరకు' అన్నచోట 'పన్ను కలపక ముందు, డిస్కౌంటు పోయాక' అన్న నాలుగైదు మాటలకు చోటిస్తే చాలు.

ఇట్లు,
చిన్న వ్యాపారాల ఖాతాలు రాసే అకౌంటెంట్లు